ప్రశ్నలు పట్టుకుని మడకశిరకు

అనంతపురం సీమలో ఎనిమిది రోజులు తిరిగి వచ్చి ఆరు నెలలు దాటింది. నేను తిరిగిన ఊళ్లకు ఇప్పుడు కొత్త జిల్లా పేరు వచ్చింది. అక్కడి జనం మాత్రం ఇంకా అనంతపురం అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది, "ఎండలు ఎలా ఉన్నాయండీ?" అని. మండిపోతున్నాయి అని చెప్పి ఊరుకుంటున్నాను. అసలు సంగతి చెప్పడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

నేను తణుకు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ముప్పై ఎనిమిదో ఏట పీహెచ్‌డీలో చేరాను. పరిశోధన పద్ధతుల పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. నమూనా ఎలా ఎంచుకోవాలి, ప్రశ్నావళి ఎలా తయారుచేయాలి, పదిమందిని కూర్చోబెట్టి గుంపు చర్చ ఎలా నడపాలి, అన్నీ నోటికి వచ్చు. నీళ్ల కొరత ఉన్న ఊళ్లలో ఆడవాళ్ల పని మీద ఎనభై ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారుచేసి మా గైడు మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు.

"కుర్చీలో కూర్చుని రాసినట్టుంది. వెళ్లి అడిగి రా. అప్పుడు మాట్లాడదాం."

ఏప్రిల్ చివర్లో బయలుదేరాను. మా ఇంటి వెనక కాలువ పారుతూనే ఉంది. దాని గట్టు మీదుగానే స్టేషన్‌కి వెళ్లాను.

కొత్తచెరువు

ధర్మవరంలో రైలు దిగి బస్సెక్కితే కొత్తచెరువు. బస్టాండులో నా కోసం ఓబులేసు నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజాన గుడ్డసంచి. ఈ చుట్టుపక్కల ఎవరు సర్వేకి వచ్చినా ఇళ్లు చూపించేదీ, ఫారాలు నింపేదీ ఇరవై ఏళ్లుగా ఆయనే. మా గైడు కూడా తన పరిశోధన ఆయనతోనే చేశారు.

"ఓబులేసు గారూ, నమస్కారమండీ" అన్నాను.

"గారు వద్దు మేడమ్. అన్నా అనండి. ఈ గారూ అండీ వింటే మావాళ్లు ఆఫీసరమ్మ వచ్చిందనుకుంటారు. నోరు తెరవరు."

బండి మీద ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగుల్ని పోపులో కలిపి, పుట్నాలపొడి చల్లి ఇచ్చేదే ఉగ్గాని. రెండు మిరపకాయ బజ్జీలతో నలభై రూపాయలు. ఆ బజ్జీల్ని అక్కడివాళ్లు మా వైపు ఇడ్లీ తిన్నంత తేలిగ్గా తినేస్తారు. నాకు మొదటి బజ్జీకే కళ్లల్లో నీళ్లొచ్చాయి. తిన్నాక ఇంట్లో అలవాటు ప్రకారం నా సీసాలో నీళ్లు వంచి చేతులు రుద్దుకుని కడిగాను. సగం సీసా అయిపోయింది. బండి నడిపే ఆవిడ చేస్తున్న పని ఆపి చూసింది. ఓబులేసు నా చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించి ఇచ్చాడు.

సోమందేపల్లె

ప్రశ్నావళిని మొదట సోమందేపల్లెలో పరీక్షించాం. జాతీయ రహదారి మీద ఊరు. లారీల మోత ఇళ్లల్లోకి వినబడుతూనే ఉంటుంది. ఏడు ఇళ్లు తిరిగాను. "మీ ఇంటి అవసరాలకు నీళ్లు సరిపోతున్నాయా?" అన్నది నా పన్నెండో ప్రశ్న. ఏడు ఇళ్లలోనూ సరిపోతున్నాయనే చెప్పారు. ఒక ఇంట్లో ఆ మాట చెబుతూనే ఆవిడ వడగట్టిన బియ్యం కడుగునీళ్లు గిన్నెలు తోమడానికి తీసిపెట్టుకుంటోంది.

టీకొట్టు బల్ల మీద ఫారాలు తిరగేస్తూ ఓబులేసు నవ్వాడు.

"మేడమ్, మీరు ఇంటికొచ్చిన చుట్టం. చుట్టం ముందర లేదని ఎవరంటారు? మాకూ మర్యాద ఉండాది కదా. ఉండాయా లేవా అని అడగొద్దు. ఈ పొద్దు ఏం చేసినారో అడగండి."

"ఏమని అడగను?"

"ఈ పొద్దు ఇంట్లో ఎవరెవరు నీళ్లు పోసుకున్నారని అడగండి."

నీళ్లు పోసుకోవడమంటే అక్కడ స్నానం. మళ్లీ మొదటి ఇంటికే వెళ్లి అడిగాం. ఇంటావిడ సిగ్గుపడింది. "మగోళ్లు పోసుకున్నారు. నేను ఆదివారం పోసుకున్నా" అంది. అది గురువారం.

అదే రోజు ఇంకో తప్పు బయటపడింది. పశువుల మేత గురించి అడిగితే ఒక ముసలాయన "దుడ్లు లేవమ్మా, యాడ కొంటాం?" అన్నాడు. నేను "దూడలు లేవు" అని రాసుకుని ముందుకు పోయాను. దుడ్లంటే డబ్బులు, కన్నడం నుంచి వచ్చిన మాట. ఆయన పెరట్లో రెండు దూడలు కట్టేసి ఉన్నాయట, నేను చూడనే లేదు. ఓబులేసు ఆ ఫారం చూసి చాలాసేపు నవ్వి, కొట్టేసి, సరిగా రాశాడు. నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో నవ్వుకున్నది ఆ పూటే.

మడకశిర

పెనుకొండ మీదుగా మడకశిరకు వెళ్లే బస్సులో సగం మాటలు కన్నడంలో వినిపించాయి. కిటికీ బయట వేరుశనగ వేయాల్సిన చేలన్నీ ఎర్రగా ఖాళీగా ఉన్నాయి. మధ్యమధ్య ఎక్కడో బోరున్న చోట మాత్రం ఒక పచ్చటి మల్బరీ తోట.

నా పక్క సీట్లో ఒక గొర్రెల కాపరి కూర్చున్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి, భుజాన నల్ల గొంగడి. టికెట్ తీసుకోగానే నా వైపు తిరిగాడు.

"యా ఊరమ్మా?"

చెప్పాను.

"భూమి ఎంతుండాది?"

"ఎకరం ఉంది తాతా."

"నీళ్లుండాయా?"

"కాలువ ఉంది."

ఆయన తల పంకించాడు. "అయితే నీకేమ్మా. పిల్లోళ్లు ఎందరు?"

నాకు పిల్లలు లేరు. పద్నాలుగేళ్లయింది పెళ్లై. ఆ ప్రశ్న మా చుట్టాల నోట విని విని అలసిపోయాను. "ఒక పాప" అన్నాను. పేరడిగాడు. అదీ చెప్పాను. ఏం చదువుతోందని అడిగాడు. ఐదో తరగతి అన్నాను. ఆయన దిగేదాకా ఆ పాప గురించే మాట్లాడుకున్నాం. దిగిపోతూ, "పాపకు ఇయ్యి" అని గొంగడి మడతలోంచి రెండు జామకాయలు తీసి నా ఒడిలో పెట్టాడు.

నేను అప్పటికి ఏడు ఇళ్లలో "ఇంట్లో చనిపోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అని అడిగి ఉన్నాను. అది నా ఇరవయ్యారో ప్రశ్న. లాడ్జి గదికి చేరాక ఆ ప్రశ్న కొట్టేశాను.

పేరు రాయని ఊరు

మడకశిర నుంచి గంట బస్సు ప్రయాణం. ఊరి పేరు రాయను. ఊళ్లో వాళ్ల అసలు పేర్లూ ఇవి కావు.

ఊరు రెండు ముక్కలు. బస్సు ఆగే చోట ఊరు, అక్కడి నుంచి అర కిలోమీటరు అవతల కాలనీ. కాలనీలో నలభై ఇళ్లు, రేకుల కప్పుతో చిన్న చర్చి. మగవాళ్లు చాలామంది బెంగుళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నారు. ఆడవాళ్లు ఊళ్లో మల్బరీ తోటల్లో ఆకు కోస్తారు. కాలనీ బోరు ఎండిపోయి రెండో ఏడు. రోజూ పొద్దున పంచాయతీ తరఫున ట్రాక్టరు ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు తోలించేది ఊళ్లో ఒక పెద్దాయన. నీళ్లిచ్చే బోరూ ఆయనదే. కాలనీ ఆడవాళ్లు కూలికి వెళ్లే తోటల్లో పెద్దది కూడా ఆయనదే.

ఆ ఊళ్లో నేను కూర్చున్న మొదటి ఇల్లు రూతమ్మది. యాభై ఐదేళ్ల మనిషి, ఎముకల గూడు, పెద్ద గొంతు. కొడుకు బెంగుళూరులో తాపీ పని. ఇంట్లో ఆమె, కోడలు సలోమి. నేను వెళ్లేసరికి సంగటి ముద్దలు చేస్తోంది. నన్ను తినమంది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి. ఊరిబిండి అంటే రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి. మా వైపు చుట్టానికి కంచం పెట్టేముందు చెంబు నిండా నీళ్లు పెడతాం. ఆమె గ్లాసులో సగానికి పోసి నా ముందు పెట్టింది.

"తాగేంత పోసినా పాపా. కావాలంటే అడుగు, మళ్లీ పోస్తా. మిగిల్చొద్దు."

మిగల్చకుండా తాగాను.

అప్పటికి నేను అడగడం కొంచెం నేర్చుకున్నాను. ఈ పొద్దు ఎన్ని బిందెలు పట్టుకున్నారు, నిన్న ఎన్ని, ఎవరు మోశారు, ఇలా అడుగుతూ పోయాను. రూతమ్మ వేళ్లమీద లెక్కేసుకుంటూ చెప్పింది. ఎప్పుడైనా ట్యాంకరు సగమే వచ్చిందా అని అడిగేసరికి ఆగిపోయింది. వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఎప్పుడన్నా కాదు పాపా. రోజూ సగమే. ముందర ఊర్లో పోస్తారు. ఆడ్నుంచి కాలనీకి వచ్చేముందు ఆయప్ప మల్బరీ తోట కాడ నిలబెడతారు. కొత్తగా నాటిన అంట్లకు పోసుకుంటారు. నేను ఆకు కోసేది ఆడనే కదా, కండ్లారా చూస్తాండా. మిగిలింది మాకు. ఇది నీకే చెప్తాండా. ఊర్లో అనొద్దు."

"అననమ్మా. ఇక్కడ చెప్పింది బయటికి పోదు" అన్నాను. ఆ మాట నా ఫారం మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది.

బస్సు కోసం నడుస్తుంటే ఓబులేసు అన్నాడు: "రేపు గుంపు చర్చ అన్నారు కదా మేడమ్. ఊరోళ్లను పొద్దున కూర్చోబెడదాం, కాలనీవోళ్లను పైటాల. విడివిడిగా."

"రెండు పూటలు పోతాయన్నా. పక్క ఊరు మొదలుపెట్టాలి కదా. అందర్నీ ఒకేసారి కూర్చోబెడదాం. వేరువేరు అభిప్రాయాలు వస్తే చర్చ బాగుంటుంది."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. "మీ ఇష్టం" అన్నాడు.

ఒక్క విషయం దాచకుండా రాయాలి. పుస్తకంలో కూడా ఓబులేసు చెప్పిందే ఉంది. ఒకరి మీద ఒకరికి అధికారం ఉన్నవాళ్లను ఒకే గుంపులో కూర్చోబెట్టకూడదని. నేను చదివాను. పరీక్షలో పేజీన్నర రాశాను. ఒక పూట కలిసొస్తుందని పక్కన పెట్టాను.

బడి వరండా

పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు. ఊరి నుంచి ఏడుగురు, కాలనీ నుంచి ఐదుగురు. బడి వరండాలో నేను పరిచిన జంపఖానా మీద ఊరివాళ్లు కూర్చున్నారు. కాలనీవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. పైకి రమ్మని పిలిచాను. "ఈడ గాలి వస్తాండాది లే" అన్నారు. ఊరివాళ్లలో ఒకావిడ మంచి చీర కట్టుకుని, చేతిలో ఫోనుతో వచ్చింది. పెద్దాయన తమ్ముడి భార్య అని ఓబులేసు చెవిలో చెప్పాడు. అప్పుడైనా ఆపి ఉండాల్సింది.

నలభై నిమిషాల దాకా చర్చ ముందుకు సాగలేదు. వాన, బోర్లు, ప్రభుత్వం, దేవుడు, వీటి చుట్టూనే తిరిగింది. "ట్యాంకరు బాగా వస్తాండాది. ఆయప్ప పుణ్యం" అంది ఒకావిడ. మిగతావాళ్లు తలలూపారు. మెట్ల మీద వాళ్లు ఒక్క మాట మాట్లాడలేదు. నా ఫోనులో రికార్డరు తిరుగుతోంది. ఉన్న సమయమంతా ఇలా పోతోందని నాకు కంగారు పుట్టింది. నాకు తెలిసిన నిజం ఒకటి ఆ మెట్ల మీద కూర్చుని ఉంది, అది బయటికి వస్తే చాలు చర్చ లేస్తుంది అనిపించింది.

"రూతమ్మా, నిన్న మీరు ట్యాంకరు గురించి ఒక మాట చెప్పారు కదా. చెప్పండి, పర్లేదు" అన్నాను.

అందరి తలలూ అటు తిరిగాయి. రూతమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను ఏం చేశానో అర్థమై, ఇక వెనక్కి పోవడానికి దారి లేదని తెలుసుకున్న మనిషి చూపు అది. పక్కనున్న సలోమి ఆమె కొంగు పట్టుకుని లాగింది. రూతమ్మ కొంగు విడిపించుకుంది.

"అవును, చెప్పినా. ట్యాంకరు తోట కాడ నిలబడతాండాది. సగం నీళ్లు అంట్లకు పోసినాక మా కాడికి వస్తాండాది. నేను చూసినా."

తర్వాత మెట్ల మీది ఇంకో ఇద్దరు అందుకున్నారు. చంటిపిల్లల గుడ్డలు ఉతకడానికి కూడా నీళ్లు లేవని ఒకామె ఏడ్చింది. జంపఖానా మీద ఒకావిడ గట్టిగా అరిచింది. రికార్డరులో అంతా పడింది. ఫోను పట్టుకున్న ఆవిడ మాత్రం నోరు విప్పలేదు. చివర్లో లేచి, నవ్వుతూ, "టీ తాగిపోండి మేడమ్" అని పిలిచింది.

బస్సులో నా నోట్‌బుక్‌లో రాసుకున్న వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది: "చర్చ చాలా బాగా జరిగింది."

ట్రాక్టరు రాని రెండు రోజులు

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఊళ్లో నీళ్లు పోసేసి ట్యాంకరు షెడ్డులోకి వెళ్లిపోయింది. కాలనీ మొగలో బిందెలు వరసగా పెట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పది దాటినా బండి రాలేదు.

నేనూ ఓబులేసూ పెద్దాయన ఇంటికి వెళ్లాం. ఆయన మాకు కుర్చీలు వేయించాడు. మజ్జిగ ఇప్పించాడు. కోపంగా ఒక్క మాట అనలేదు.

"కాలనీ దావ బాగలేదప్పా. టైరు పోతాండాది" అన్నాడు ఓబులేసుతో. తర్వాత నా వైపు తిరిగాడు. "నీళ్లన్నీ నా తోటకు పోతాండాయంట కదమ్మా. ఇంగ కాలనీకి యాడ్నుంచి వస్తాయి?"

"తప్పు నాదండీ. ఆమెను నేనే అడిగాను. ఆమె తనంతట తాను అనలేదు" అన్నాను.

"నువ్వేం తప్పు చేసినావు? చదువుకునేదానివి. రాసుకుని పో."

మండలాఫీసులో ఫిర్యాదు ఇస్తానన్నాను. ఓబులేసు నన్ను కాలనీకి తీసుకుపోయి, ఆ మాట అక్కడే అడగమన్నాడు. ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"నువ్వు కాయితం ఇచ్చి మీ ఊరికి పోతావు. రేపు మమ్మల్ని ఆకు కోయడానికి ఎవరు పిలుస్తారు?" అంది సలోమి. "మాకు ఏ సాయమూ వద్దు మేడమ్. ఊరికే ఉండు, అదే చాలు."

ఊరికే ఉండలేకపోయాను. మడకశిర వెళ్లి ఇరవై మంచినీళ్ల క్యాన్లు ఆటోలో వేయించుకుని తెచ్చాను. ఇళ్లు నలభై. ఎవరికి ఇవ్వాలో ఆలోచించనే లేదు. ఆటో ఆగగానే తోపులాట అయింది. ఒక క్యాను పగిలి నీళ్లు మట్టిలో పోయాయి. దాని కోసం ఇద్దరు అక్కచెల్లెళ్లలాంటి మనుషులు జుట్లు పట్టుకున్నారు. ఎవరో అరిచారు: "అంతా ఆ రూతమ్మ నోటితోనే వచ్చింది!" రూతమ్మ తన వాకిట్లో నిలబడి చూస్తోంది. నేను ఒక క్యాను ఎత్తుకుని తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టాను. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, పక్కింటి వాకిట్లో పెట్టి వచ్చింది.

"నాకు వద్దు పాపా. నావల్ల అందరికీ పోయినాయంటాండారు. నేను తాగితే ఇంగా అంటారు."

ఆ మర్నాడు కూడా ట్యాంకరు రాలేదు. మేం పక్క ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద ఉండగా ఓబులేసుకు ఫోనొచ్చింది. ఆయన విని, ఫోను జేబులో పెట్టుకుని, నేను అడుగుతున్న ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాడు. తర్వాత చెప్పాడు.

కాలనీకి కిలోమీటరున్నర దూరంలో చేలల్లో ఒక పాత దిగుడుబావి ఉంది. అడుగున మురికిపట్టి కొంచెం నీరు. ఎవరూ దిగరు, మెట్లు విరిగిపోయాయి. రూతమ్మ ఒక్కతే బిందె తీసుకుని వెళ్లింది. నీళ్లు ముంచుకుని ఎక్కుతూ పడిపోయింది. అటు మేకలు తోలుకెళ్తున్న ఒక ముసలామె మూలుగు విని జనాన్ని పిలిచింది. మంచానికి తాళ్లు కట్టి పైకి లాగారు.

మేం ఆటోలో చేరేసరికి అంబులెన్స్ బయలుదేరుతోంది. తలుపు మూసేముందు రూతమ్మ ఒక్క క్షణం కనబడింది. మొహం బూడిదలా ఉంది, చీరంతా బురద. సలోమి ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది.

హిందూపురం

తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. మర్నాడు ఆసుపత్రి వార్డులో మూలమంచం మీద ఉంది రూతమ్మ. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. బెంగుళూరు నుంచి కొడుకు బయలుదేరాడట, ఇంకా చేరలేదు. నేను తెచ్చిన పళ్ల సంచి సలోమి తీసుకోలేదు. కింద పెట్టాను.

"ఎట్లుండాది రూతమ్మా?" అని ఓబులేసు పలకరించాడు. ఆమె కళ్లు తెరిచింది.

నేను చెప్పాలనుకున్నవన్నీ దారిలో పేర్చుకుని వచ్చాను. మంచం పక్కన నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు. "నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆమె నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగింది.

"నువ్వు రాసుకున్నది నీ కాడనే ఉండాదా?"

"ఉందమ్మా."

"నేనేమీ చెప్పలే. నీళ్లు బాగానే వస్తాండాయి. అట్ల రాసుకో."

"అమ్మా, అది నిజం కాదు కదా…"

"నాకు గొత్తు ఏది నిజమో." గొత్తు అంటే తెలుసు అని. "నువ్వు రాసుకో. మా సలోమి ఆ తోటలోకే పోవాల. మేము ఆ ఊర్లోనే ఉండాల."

ఎప్పుడు కావాలంటే అప్పుడు తాము చెప్పింది వెనక్కి తీసుకునే హక్కు జవాబు చెప్పినవాళ్లకు ఉంటుంది. అదీ నా ఫారం మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. సంచిలోంచి ఆమె ఫారం తీశాను. ఆమె చూస్తుండగానే అడ్డంగా చింపాను. ఫోనులో రికార్డు తెరిచి, ఓబులేసుకు చూపించి, చెరిపేశాను. మెట్ల మీద మాట్లాడిన ఆ ఇద్దరి మాటలూ, చంటిపిల్లల గుడ్డల కోసం ఏడ్చిన ఆవిడ గొంతూ దాంతో పాటే పోయాయి.

రూతమ్మ పడ్డాక సలోమి మొదటిసారి నాతో మాట్లాడింది. "ఇంగ పో మేడమ్" అంది.

తిరుగు దారి

ధర్మవరం రైల్వే స్టేషన్ దాకా ఓబులేసు వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసి కూర్చున్నాక నేనే అన్నాను: "నువ్వు ముందే చెప్పావన్నా. నేను వినలేదు."

"చెప్పినా. గట్టిగా చెప్పలే." ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని పట్టాల వైపు చూస్తున్నాడు. "మీరంతా చదువుకున్నోళ్లు. ఒగసారి చెప్తే చాలనుకున్నా. గట్టిగా చెప్తే ఇంగోసారి పనికి పిలవరేమోనని గూడా అనుకున్నా. అది నా తప్పు."

"ఆ ఊరికి మళ్లీ వెళ్లగలవా?"

"ఆ పెద్దాయన నిన్ననే ఫోన్ చేసినాడు. రావద్దన్నాడు. ఆ చుట్టుపక్కల నాలుగూర్లు ఆయన మాట మీద నడుస్తాయి. ఆ నాలుగూర్లూ నాకు పోయినట్టే."

రైలొచ్చింది. నా పెట్టె లోపల పెట్టి, దిగి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. "నీళ్లు కొనుక్కున్నారా?" అని అడిగాడు. కొన్నానని చెప్పాను.

ఇంటికి వచ్చాక మా గైడు మేడమ్‌కి జరిగినదంతా చెప్పాను. "ఆ ఊరిని తీసెయ్" అన్నారావిడ. "ఎందుకు తీసేశావో మాత్రం పద్ధతుల అధ్యాయంలో రాయి. ఊరు తెలియకుండా, నీ తప్పు తెలిసేలా." రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ నా తప్పు కాస్త చిన్నదిగా కనబడేలా వాక్యం తనంతట తాను సర్దుకుంటోంది. ఆవిడ ప్రతిసారీ వెనక్కి పంపారు. నా పరిశోధనలో ఆ ఊళ్లో నీళ్ల కొరత ఉన్నట్టు ఎక్కడా లేదు. అసలు ఆ ఊరే లేదు.

కిందటి నెల ఓబులేసుకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు సర్వే పనులు తగ్గించుకుని కొత్తచెరువులో ఒక జిరాక్సు కొట్లో కూర్చుంటున్నాడు. రూతమ్మ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోందట. బిందె ఎత్తలేదు. సలోమిని ఆ తోటలో పనికి పిలవడం మానేశారు. ఆమె మొగుడితో బెంగుళూరు వెళ్లిపోయింది. కాలనీకి ట్యాంకరు మళ్లీ వస్తోంది, ఇదివరకులాగే, సగం.

ఈ ప్రయాణం గురించి రాయాలనుకుంటున్నానని, ఊరూ పేర్లూ ఉండవని, ఆమె వద్దంటే రాయనని రూతమ్మకు చెప్పి కనుక్కోమని ఆయన్ని అడిగాను. ఆయన ఆ ఊరికి వెళ్లలేడు. ఆదివారం కాలనీ చర్చికి వెళ్లే రూతమ్మ చుట్టం ఒకరి ద్వారా కబురు పంపాడు. పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు.

"రాసుకోమంది" అన్నాడు.

"ఇంకేమైనా అందా అన్నా?"

"అంది. నన్ను ఆయమ్మ అడిగిందని రాయమను, అంది. నా అంతట నేను చెప్పినట్టు మాత్రం రాయొద్దని చెప్పు, అంది."

నేనే అడిగాను. పన్నెండు మంది ముందర, పేరు పెట్టి పిలిచి అడిగాను.